స్థిర జీతమా, పనిని బట్టి డబ్బా? క్షేత్రస్థాయి సిబ్బంది జీతాల స్కీము గురించి సలహా కావాలి

#1 నీలిగీత

అందరికీ నమస్కారం. నేను ప్రజారోగ్య విభాగంలో జీతాల సెక్షన్‌లో పనిచేస్తాను. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు, చిన్న కేంద్రాల్లో ఉండే నర్సులకు జీతం లెక్క మార్చాలని పైవాళ్లు కమిటీ వేశారు. అందులో నన్నూ వేశారు. ఇప్పుడున్న ప్రతిపాదన ఏమిటంటే స్థిర జీతం కొంత తగ్గించి, ఆ మిగిలిన డబ్బును పనిని బట్టి ఇవ్వాలి. ఒక్కో గర్భిణి నమోదుకు ఇంత, ఒక్కో టీకాకు ఇంత, ఒక్కో హోమ్ విజిట్‌కు ఇంత.

"పని చేసినా చేయకపోయినా నెల తిరిగేసరికి జీతం ఖాతాలో పడుతుంటే ఎవరు పనిచేస్తారండీ" అని ఒకాయన మీటింగులో బల్ల గుద్ది చెప్పారు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు, అవుననడానికీ లేదు. క్షేత్రంలో పనిచేసినవాళ్లు, ఈ విషయం చదివినవాళ్లు చెప్పండి. సిద్ధాంతం కన్నా, ఎక్కడ ఏం చేస్తే ఏమైందో చెబితే నాకు ఎక్కువ పనికొస్తుంది.

#2 పాతఫైలు

నీలిగీత గారూ, నేను సిబ్బంది వ్యవహారాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఆయన మాటలో సగం నిజముంది. పనికీ జీతానికీ సంబంధం లేకపోతే కొందరు చేతులెత్తేస్తారు, నేను చూశాను. కానీ పనిని బట్టి ఇవ్వాలంటే ఆ పనిని ఎవరో ఒకరు కొలవాలి కదా. చిక్కంతా అక్కడే.

మా రోజుల్లో వార్షిక రహస్య నివేదికలు ఉండేవి, అంటే పై అధికారి ఏటా ఉద్యోగి పనికి వేసే మార్కులు. కాగితం మీద చాలా మెట్లు, ఆచరణలో ఒకటే: "చాలా బాగుంది". "సరిగా లేదు" అని రాసిన అధికారి పైవాళ్లకు సంజాయిషీ ఇవ్వాలి, అప్పీలుకు జవాబు చెప్పాలి, మర్నాడు ఆ మనిషి చేతే పని చేయించుకోవాలి. "చాలా బాగుంది" అంటే సంతకం పెట్టి ఇంటికి పోవచ్చు. అలాంటి మార్కులకు డబ్బు ముడిపెడితే అందరికీ ఇచ్చేస్తారు, లేదా వంతులు వేసుకుంటారు. ఈ ఏడు నీకు, వచ్చే ఏడు అతనికి. వంతుల పద్ధతి మహా శాంతంగా నడుస్తుంది, ఎవరూ గొడవ చేయరు. పని మాత్రం ఎక్కడిదక్కడే.

#3 పన్నుకట్టేవాడు

అధికారి మార్కులు వేస్తేనే కదా ఆ గొడవ. నీలిగీత గారు చెప్పింది లెక్కపెట్టగలిగే పని. ఎన్ని టీకాలు వేశారో లెక్క ఉంటుంది. అమ్మకాల్లో పనిచేసేవాళ్లకు కమీషన్ ఉంటుంది, పరుగెత్తి పనిచేస్తారు. ప్రభుత్వ ఉద్యోగి దగ్గరకు వచ్చేసరికి "సేవ", "ప్రేరణ" అని పెద్ద పెద్ద మాటలు ఎందుకో నాకు అర్థం కాదు. పని చేస్తే డబ్బు, చేయకపోతే లేదు. అంతే.

#4 రాత్రిడ్యూటీ

నేను నర్సుని. పన్నుకట్టేవాడు గారికి ఒక రాత్రి షిఫ్టు గురించి చెప్తాను.

వార్డులో నా చేతిలో ఉన్న పనిలో లెక్కకొచ్చేవి: ఇంజెక్షన్లు, బీపీ రీడింగులు, డ్రెస్సింగులు, ఎక్కించిన సెలైన్లు. లెక్కకు రానివి: ఆపరేషన్‌కు భయపడి మందు మింగని పెద్దావిడ దగ్గర కూర్చుని ఒప్పించడం, రోగి ముఖం చూసి ఏదో తేడాగా ఉందని డాక్టర్‌ని ముందే పిలవడం, కొత్తగా చేరిన అమ్మాయికి పక్కనుండి నేర్పడం, చనిపోయినవాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడటం. ఈ రెండో రకం పని బాగా చేసిన రాత్రి రిజిస్టర్‌లో ఏమీ కనిపించదు. చెడు జరగలేదు కాబట్టి రాసుకోవడానికి ఏమీ ఉండదు.

ఇంజెక్షన్‌కు ఇంత అని పెట్టండి. నేను మంచిదాన్నే అయినా, నెలాఖరున ఇంటి అద్దె గుర్తొచ్చినప్పుడు నా కాళ్లు ఎటు నడుస్తాయో నాకు తెలుసు. హోమ్ విజిట్లూ అంతే. దగ్గర దగ్గరగా ఉన్న పది ఇళ్లు తిరిగితే పది విజిట్లు. ఊరవతల విసిరేసినట్టున్న ఒక్క ఇంటికి వెళ్తే ఒకటే విజిట్, పూట గడిచిపోతుంది. ఆ చివరి ఇంట్లోనే టీకా పడని పిల్ల ఉంటుంది.

#5 గణకుడు

రాత్రిడ్యూటీ గారు చెప్పినదాన్నే 1991లో హోల్మ్‌స్ట్రామ్, మిల్‌గ్రామ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క కట్టి చూపించారు. ఒక ఉద్యోగంలో కొలవగలిగే పని, కొలవలేని పని రెండూ ఉన్నప్పుడు, కొలవగలిగేదానికే గట్టిగా డబ్బు పెడితే రెండోది ఎండిపోతుంది. అలాంటిచోట స్థిర జీతమే మేలు కావచ్చని వాళ్ల వాదన. హోల్మ్‌స్ట్రామ్‌కు 2016లో నోబెల్ వచ్చింది.

ఇది కాగితం లెక్కే కాదు. బ్రిటన్‌లో 2004లో కుటుంబ వైద్యులకు నాణ్యత సూచికలను బట్టి డబ్బిచ్చే పెద్ద పథకం పెట్టారు. వాళ్ల ఆదాయంలో దాదాపు పావువంతు దాని మీదే ఆధారపడేది. మొదట్లో మధుమేహం, ఉబ్బసం రోగుల సంరక్షణ ఇంకాస్త వేగంగా మెరుగైంది. టార్గెట్లు అందాక ఆ వేగం ఆగిపోయింది. ఉబ్బసం, గుండెజబ్బుల్లో డబ్బు ముడిపెట్టని అంశాల నాణ్యత తగ్గింది. రోగి ప్రతిసారీ తనకు తెలిసిన డాక్టర్‌నే కలవగలగడం కూడా తగ్గింది. స్కాట్లాండ్ 2016లో ఆ పథకాన్ని ఎత్తేసింది.

#6 బడిగంట

గణకుడు గారూ, కథలో రెండో సగం కూడా చెప్పాలి మరి. నేను టీచర్ని. బోనస్ మాట వినగానే మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ మీద పడతారు, కానీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ బడుల్లో 2005లో మొదలుపెట్టిన ప్రయోగం ఫలితాలు అంత తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. పిల్లల మార్కులు ఎంత మెరుగుపడ్డాయో చూసి టీచర్లకు బోనస్ ఇచ్చారు. గమనించండి, పిల్లవాడికి ఎన్ని మార్కులొచ్చాయని చూడలేదు, నిరుటి కన్నా ఎంత పెరిగాయని చూశారు. బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే. రెండేళ్లలో లెక్కల్లో, భాషలో బోనస్ లేని బడుల కన్నా స్పష్టంగా ముందుకెళ్లారు. బోనస్ లేని సైన్సు, సాంఘికశాస్త్రంలో కూడా పెరిగారు. అంటే కొలవని పని ఎండిపోలేదు. మురళీధరన్, సుందరరామన్ 2011లో ప్రచురించారు.

నాకు ఆసక్తి కలిగించింది ఇంకొకటి. టీచర్ల గైర్హాజరు ఏమీ తగ్గలేదు. వచ్చినవాళ్లు మాత్రం ఇంకాస్త గట్టిగా పనిచేశారు. అదనపు క్లాసులు, హోంవర్కు, వెనకబడిన పిల్లల మీద శ్రద్ధ.

#7 పన్నుకట్టేవాడు

అదిగో!

#8 గణకుడు

"అదిగో" అనే ముందు న్యూయార్క్ కూడా చూడండి. అక్కడ 2007 నుంచి 2010 వరకు రెండు వందలకు పైగా బడుల్లో, టార్గెట్ అందుకుంటే టీచర్ ఒక్కరికి 3,000 డాలర్ల వరకు వచ్చేలా బడికి బోనస్ ఇచ్చారు. పిల్లల చదువులో ఏ మార్పూ లేదు. అక్కడ బోనస్ బడి మొత్తానిది, పంచుకోవడం లోపలి కమిటీ పని, చాలాచోట్ల సమానంగా పంచేశారు. నా ఒక్కడి కష్టం వల్ల నా బోనస్ మారుతుందని ఎవరికి అనిపిస్తుంది? ఆంధ్రప్రదేశ్ ప్రయోగంలో కూడా ఐదేళ్లు గడిచాక వ్యక్తిగత బోనస్ ఉన్న బడులే ముందున్నాయి, ఉమ్మడి బోనస్ వెనకబడింది. లెక్క పిల్లవాడి పెరుగుదల మీద ఉండటం, టీచర్‌కు అది తన చేతిలో ఉందని అనిపించడం, ఈ రెండూ కుదిరినచోట చిన్న మొత్తం కూడా పనిచేసింది.

#9 పాతఫైలు

నాకు ఇంకో తేడా కనిపిస్తోంది. ఆంధ్రప్రదేశ్ ప్రయోగంలో జీతం కోయలేదు. ఉన్న జీతం మీద బోనస్ ఇచ్చారు. నీలిగీత గారి కమిటీ జీతం తగ్గించి ఆ డబ్బునే బోనస్‌గా తిరిగిస్తానంటోంది. కాగితం మీద ఖర్చు ఒకటే. ఉద్యోగి ఇంట్లో అది పూర్తిగా వేరే సంగతి. మొదటిదాంట్లో బాగా చేస్తే పైన కొంచెం వస్తుంది. రెండోదాంట్లో, నెలలో జ్వరం వస్తే బియ్యం డబ్బులు పోతాయి.

#10 చెత్తబండి

నమస్కారం. నేను చెత్త సేకరించే బండి నడుపుతాను, కాంట్రాక్టు. మీరంతా బోనస్ గురించి మాట్లాడుతున్నారు, చదువుతుంటే నవ్వొచ్చింది. ఏమీ అనుకోకండి.

మా బండి మీద ఇద్దరం. నా పక్కనున్నాయన పర్మినెంట్. అదే బండి, అదే వీధులు, అదే కంపు. ఆయన జీతం నాదానికి రెండింతలకు పైనే. ఆయన మంచివాడు, నన్ను తమ్ముడిలా చూస్తాడు. అయినా తొట్టి బరువెక్కినప్పుడు ఎత్తేటప్పుడు ఆ తేడా గుర్తుకొస్తుంది. ఎందుకు గుర్తుకొస్తుందో చెప్పలేను, వస్తుంది అంతే. ఆ మీద మా డబ్బు కాంట్రాక్టర్ చేతి మీదుగా వస్తుంది. ఒక్కోసారి రెండు నెలలకు గాని రాదు. కటింగులు దేనికో అడిగితే చెప్పేవాడుండడు. పనిమీద మనసు ఎందుకు లేదని సూపర్‌వైజర్ అడుగుతాడు.

నన్నడిగితే, బోనస్ వద్దు. ఒకటో తేదీన జీతం పడితే చాలు. అప్పు చేయకుండా నెల గడిస్తే నా పని నేను చూసుకోగలను.

#11 సంఘంమనిషి

తమ్ముడూ, నువ్వు చెప్పినదే అసలు విషయం. ఉద్యోగుల సంఘంలో చాలా ఏళ్లుగా ఉన్నాను, "పని ఎక్కువ" అని వచ్చేవాళ్ల కన్నా "పక్కవాడికి ఎందుకు ఎక్కువ" అని, "ఎప్పుడొస్తుంది" అని వచ్చేవాళ్లే ఎక్కువ. 1959లోనే హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త చెప్పాడు: జీతం సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది, సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. ముందు ఆ అసంతృప్తి తీర్చండి, తర్వాత మిగతావి.

నీలిగీత గారికి ఒక మాట. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాళ్లకు పూర్తిగా గానీ, ఎక్కువ భాగం గానీ పనితీరు ప్రోత్సాహకాల రూపంలో ఇవ్వొద్దని అందులో స్పష్టంగా ఉంది. పనికి, పెట్టే గంటలకు, బాధ్యతకు తగ్గ జీతం ఇవ్వాలని ఉంది. దాన్ని ప్రింటు తీసి బల్ల గుద్దినాయన ముందు పెట్టండి.

#12 పన్నుకట్టేవాడు

సరే. అయితే అందరికీ జీతం పెంచేసి ఊరుకుందామా? అది కూడా ఎక్కడైనా చేసి చూశారా?

#13 గణకుడు

చూశారు. ఈ ఫలితాలు సంఘంమనిషి గారికి నచ్చకపోవచ్చు.

ఇండోనేషియాలో సర్టిఫికేషన్ పూర్తిచేసిన టీచర్లకు మూల జీతం అంత అదనంగా ఇచ్చేలా 2005లో చట్టం చేశారు. అంటే జీతం రెట్టింపు. 360 బడుల్లో జరిపిన ప్రయోగంలో టీచర్లు సంతృప్తిగా ఉన్నారు, డబ్బు టెన్షన్ తగ్గింది, రెండో ఉద్యోగాలు చేయడం తగ్గింది. పిల్లల చదువు మాత్రం అంగుళం కదల్లేదు. ఘనాలో 2010లో పోలీసుల జీతాలు రెట్టింపు చేశారు, లంచాలు తగ్గుతాయని. హైవేల మీద లారీ డ్రైవర్ల దగ్గర వసూళ్లు ఇంకా పెరిగాయి.

కాబట్టి బేషరతుగా జీతం పెంచితే ఉన్నవాళ్ల పనితీరు దానంతటది మారదు. అయితే ఇండోనేషియా ప్రయోగంలో కొలిచింది అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లని. జీతం పెరిగితే ఇకమీదట ఎవరు ఉద్యోగానికి వస్తారన్నది వేరే ప్రశ్న.

#14 సంఘంమనిషి

నచ్చకపోవడం ఏమీ లేదు. టీచర్ రెండో ఉద్యోగం మానేసి, అప్పుల టెన్షన్ లేకుండా బతికితే దాన్ని "ఫలితం లేదు" అనడమే నాకు నచ్చలేదు. మనుషులకు బతకడానికి చాలినంత ఇవ్వడం ఒక పద్దు. పని మెరుగుపడటం ఇంకో పద్దు. మొదటిదాన్ని రెండోదానితో సమర్థించుకోవాల్సిన అవసరం లేదు.

#15 నీలిగీత

గణకుడు గారూ, ఆ వేరే ప్రశ్న గురించి కాస్త చెప్పండి. మా కమిటీలో ఇంకొకాయన వాదన అదే. "జీతం పెంచితే డబ్బు కోసం వచ్చేవాళ్లు వస్తారు, సేవాభావం ఉన్నవాళ్లు వెనకబడతారు" అంటున్నారు.

#16 గణకుడు

మూడు చోట్ల మూడు రకాల జవాబులు వచ్చాయి. మెక్సికోలో 2011లో ప్రభుత్వ క్షేత్ర ఉద్యోగాలకు కొన్నిచోట్ల 3,750 పెసోలు, కొన్నిచోట్ల 5,000 పెసోలు ప్రకటించారు. ఎక్కువ జీతం చూసి వచ్చినవాళ్లు మరింత సమర్థులు, వాళ్లలో సేవా దృక్పథం ఏమీ తగ్గలేదు. ఉద్యోగం వచ్చాక చేరేవాళ్ల శాతం కూడా పెరిగింది.

ఉగాండాలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆరోగ్య కార్యకర్తలను తీసుకునేటప్పుడు ఎక్కువ ఆదాయం వస్తుందని చెప్పినచోట దరఖాస్తులు పెరిగాయి, కానీ సమాజం కోసం పనిచేయాలనుకునేవాళ్లు తగ్గారు. మీ కమిటీ సభ్యుడికి ఇది నచ్చుతుంది.

జాంబియాలో 2010లో ప్రభుత్వం కొత్త ఆరోగ్య సహాయకులను తీసుకుంది. జీతం అందరికీ ఒకటే. కొన్ని జిల్లాల్లో పోస్టర్ మీద "మీ సమాజానికి సేవ చేయండి" అని, కొన్నింటిలో ఆరోగ్యశాఖలో పైకి ఎదగవచ్చని రాశారు. ఎదుగుదల చూసి వచ్చినవాళ్లు 29 శాతం ఎక్కువ హోమ్ విజిట్లు చేశారు. సేవాభావంలో వాళ్లు రెండోవాళ్లకు తీసిపోలేదు.

#17 రాత్రిడ్యూటీ

ఈ "సేవాభావం" మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇంజనీర్‌కు జీతం పెంచేటప్పుడు వంతెనల మీద ప్రేమ తగ్గుతుందేమోనని ఎవరైనా కమిటీ వేస్తారా? ఆడవాళ్లు ఎక్కువగా చేసే ఉద్యోగాలకే ఈ పరీక్ష. కడుపు మాడితే సేవాభావం ఎక్కువవుతుందని ఎవరు చెప్పారో!

#18 పాతఫైలు

రాత్రిడ్యూటీ గారి కోపంలో న్యాయముంది.

జాంబియా సంగతి నా అనుభవానికి దగ్గరగా ఉంది. క్షేత్రస్థాయి ఉద్యోగాల్లో చాలావాటికి పైమెట్టు ఉండదు. చేరిన పోస్టులోనే రిటైరవుతారు. ఏటా ఒక ఇంక్రిమెంట్, అది అందరికీ వస్తుంది. మొదటి కొన్నేళ్లు హుషారుగా ఉన్న మనిషి, ఎలా చేసినా ఇక్కడే ఉంటానని తెలిసిన రోజున మెల్లబడతాడు. నేను చూసినవాళ్లలో మంచి పనివాళ్లు చాలామంది అలా మెల్లబడ్డవాళ్లే. చెడ్డవాళ్లు మొదటినుంచీ మెల్లగానే ఉంటారు, వాళ్ల సంగతి వేరు. సీనియర్ కార్యకర్త, శిక్షకురాలు, సూపర్‌వైజర్ అని మూడు మెట్లు పెట్టి, ఒక్కో మెట్టుకు చెప్పుకోదగ్గ జీతం తేడా పెడితే, విజిట్‌కు ఇంత అని లెక్కపెట్టడం కన్నా చవగ్గా ఎక్కువ పని జరుగుతుంది.

ఇంకోటి, బదిలీలు. డబ్బు పెట్టలేనిచోట ఇది ఉపయోగపడుతుంది. పాకిస్తాన్ పంజాబ్‌లో ఆస్తిపన్ను ఇన్‌స్పెక్టర్లకు పనితీరు ర్యాంకు ప్రకారం, కోరుకున్న చోటును ముందుగా ఎంచుకునే అవకాశం ఇచ్చారు. పన్ను వసూళ్లు ఏటా పెరిగే వేగం 30-41 శాతం మేర హెచ్చింది. బదిలీ కోసం సిఫార్సులు పట్టుకు తిరిగే బాధ కూడా పోతుంది.

#19 గణకుడు

అదే పంజాబ్‌లో అంతకుముందు వసూళ్లలో వాటా ఇచ్చి కూడా చూశారు పాతఫైలు గారూ. వసూళ్లు బాగా పెరిగాయి. కానీ చాలామంది ఆస్తి యజమానులు తాము కట్టే పన్ను పెరగలేదుగాని, లంచం రేటు పెరిగిందని చెప్పారు. పన్ను తక్కువ రాస్తే ఇన్‌స్పెక్టర్ తన వాటా పోగొట్టుకుంటాడు కదా, దానికి పరిహారం కూడా కలిపి అడిగాడన్నమాట.

#20 పన్నుకట్టేవాడు

అది మాత్రం బాగుంది, నవ్వాపుకోలేకపోయాను. సరే, అసలు డ్యూటీకే రానివాళ్ల సంగతేమిటి? దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

#21 గణకుడు

దానికి ఉదయపూర్ రెండు పాఠాలు చెప్పింది. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఏకోపాధ్యాయ బడుల్లో, టీచర్ రోజూ బడి మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు పిల్లలతో ఫోటో తీయించాలి, ఫోటోలో తేదీ, సమయం పడతాయి. వచ్చిన రోజుల్ని బట్టి జీతం. గైర్హాజరు 42 శాతం నుంచి 21 శాతానికి దిగింది, పిల్లల మార్కులూ పెరిగాయి.

తర్వాత అదే ప్రాంతంలో ప్రభుత్వ నర్సులతో ఇలాంటిదే చేశారు. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. తర్వాత ఆరోగ్యశాఖ వాళ్లే నర్సులకు "మినహాయింపు రోజులు" ఇవ్వడం మొదలుపెట్టారు. ఏడాదిన్నర తిరగకుండానే పరిస్థితి మొదటికొచ్చింది. యంత్రం బాగానే పనిచేసింది. కోత పెట్టాల్సినచోట పైవాళ్లే గట్టిగా నిలబడలేదు.

#22 రిజిస్టరు

కొత్త సభ్యురాలిని. డేటా ఎంట్రీ చేస్తాను. ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు ఒక మాట చెప్పాలనిపించింది.

లెక్కకు డబ్బు కట్టిన రోజు నుంచి లెక్కలు మారతాయి. నా దగ్గరకు వచ్చే షీట్లలో అన్ని విజిట్లూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, నెలాఖరు రెండు రోజుల్లో రాసినట్టు ఉంటాయి. బరువు తక్కువ పిల్లల సంఖ్య పెరిగితే కార్యకర్త మీద మాట వస్తుంది కాబట్టి పిల్లలందరూ బరువు చార్టులో కచ్చితంగా గీతకు పైనే ఉంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లలో ఒకావిడ నాతో అంది, "నిజం రాస్తే నాకు డబ్బు కోత, పిల్లకు వచ్చేది ఏమీ లేదు" అని. దానికి నేనేం చెప్పను?

#23 బడిగంట

ఇదే అట్లాంటాలో జరిగింది. 2009 పరీక్షల్లో టీచర్లు, ప్రిన్సిపాళ్లు పిల్లల జవాబు పత్రాలు దిద్దారు. 2011 నాటి విచారణ నివేదికలో 44 బడులు, 178 మంది పేర్లు బయటికొచ్చాయి. 2015లో 11 మందికి శిక్ష ఖాయమైంది. అక్కడ బోనస్‌తో పాటు ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది. రెండూ కలిస్తే ఇలాగే ఉంటుంది.

డబ్బు లేకుండా గుర్తింపు ఇవ్వడం గురించి కూడా అనుకోండి. జాంబియాలోనే క్షౌరశాలలు, సెలూన్లు నడిపేవాళ్లతో స్త్రీల కండోములు అమ్మించారు. అమ్మినదానికి కమీషన్ ఇచ్చినవాళ్ల కన్నా, అమ్మకానికో నక్షత్రం చొప్పున దుకాణంలో అందరికీ కనిపించే బోర్డు మీద అంటించుకునేలా చేసినవాళ్లు రెండింతలు అమ్మారు.

#24 సంఘంమనిషి

బడిగంట గారూ, ఆ సెలూన్లవాళ్లకు వేరే సంపాదన ఉంది. నక్షత్రం వాళ్లకు ముచ్చట. నెలంతా తిరిగే కార్యకర్తకు శాలువా కప్పి, ప్రశంసాపత్రం చేతిలో పెట్టి, నాలుగు నెలల బకాయి మాత్రం ఇవ్వని సభలు నేను ఎన్నో చూశాను. వేదిక దిగి వచ్చి ఆ పత్రాన్ని విసనకర్రలా ఊపుకునేవాళ్లు.

#25 నీలిగీత

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవన్నీ కలిపి కమిటీకి ఒక ముసాయిదా రాశాను. చూసి చెప్పండి.

స్థిర జీతం తగ్గించేది లేదు. పైన ఇచ్చే ప్రోత్సాహకం జీతంలో పదో వంతు దాటదు. విజిట్ల సంఖ్యకు డబ్బు లేదు. దాని బదులు, వాళ్ల పరిధిలో ఏడాది నిండిన పిల్లల్లో అన్ని టీకాలూ పడినవాళ్ల శాతం నిరుటి కన్నా ఎంత పెరిగిందో చూస్తాం, ఆ లెక్క వేరే బృందం కొన్ని ఇళ్లకు వెళ్లి సరిచూస్తుంది. దూరంగా, చెదిరిన ఇళ్లున్న చోట పనిచేసేవాళ్లకు కష్టప్రాంత భత్యం. మూడు మెట్ల పదోన్నతి. బదిలీ ఎంపికలో పనితీరుకు ప్రాధాన్యం. బరువు తక్కువ పిల్లలను కనిపెట్టి నమోదు చేస్తే ఎలాంటి కోత ఉండదు.

#26 గణకుడు

బాగుంది. సూపర్‌వైజర్ మాట మర్చిపోయారు. సియెరా లియోన్‌లో ఆరోగ్య కార్యకర్తల ప్రోత్సాహకాన్ని మొత్తం కార్యకర్తకే ఇవ్వడం, మొత్తం సూపర్‌వైజర్‌కే ఇవ్వడం, ఇద్దరికీ సమానంగా పంచడం, మూడూ చేసి చూశారు. సగం సగం పంచినచోటే విజిట్లు ఎక్కువ జరిగాయి. కార్యకర్త ఒక్కరికే ఇస్తే నేర్పించాల్సిన, వెంట ఉండాల్సిన మనిషికి ఏమీ పట్టదు.

#27 రిజిస్టరు

కానీ సూపర్‌వైజర్‌కు వాటా ఉంటే లెక్క సరిచూసే పని ఆయనకు ఇవ్వకండి. ఇద్దరూ కలిసి రాసుకుంటారు. మీరు రాసిన ఆ వేరే బృందం నిజంగా వేరేదిగా ఉండాలి. వాళ్ల జీతం కూడా ఈ అంకెలతో ముడిపడకూడదు.

#28 రాత్రిడ్యూటీ

నిరుటి కన్నా పెరుగుదల అన్నారు. ఇప్పటికే తొంభై ఐదు శాతం దగ్గర ఉన్నవాళ్లు ఏం చేయాలి? బాగా చేసినవాళ్లకు ఇంక పెరగడానికి చోటుండదు, వాళ్లకే బోనస్ రాదు. ఒక గీత పెట్టి, దాని పైన నిలబెట్టుకున్నవాళ్లకు కూడా అంతే ఇవ్వండి.

#29 నీలిగీత

ఇది నాకు తట్టలేదు, చేర్చాను. సూపర్‌వైజర్ వాటా కూడా పెట్టాను. సరిచూసే బృందాన్ని గణాంక విభాగం కింద పెడదామని అడుగుతాను. కష్టప్రాంత భత్యం మీద మాత్రం ఆర్థికశాఖ ఆయన ఇప్పటికే మొహం చిట్లించారు.

#30 చెత్తబండి

మేడం, ఇంత రాశారు. డబ్బు ఏ తేదీన పడుతుందో ఎక్కడా లేదు.

#31 పాతఫైలు

అడగాల్సిన మాట అడిగాడు. నీలిగీత గారూ, తేదీ రాయని ప్రోత్సాహకం ఏడాది చివర "నిధుల లభ్యతను బట్టి" అయిపోతుంది, ఆ మాట నేనే ఎన్నో ఫైళ్ల మీద చూశాను. మూడో నెలలో చేసిన పనికి పదకొండో నెలలో డబ్బొస్తే, ఏ పనికి వచ్చిందో తీసుకున్నవాడికి కూడా గుర్తుండదు. ఇలా రాయండి:

"స్థిర జీతం ప్రతి నెలా మొదటి పనిదినాన, ప్రోత్సాహకం సంబంధిత త్రైమాసికం ముగిసిన ముప్పై రోజుల్లోపు నేరుగా ఉద్యోగి బ్యాంకు ఖాతాలో జమ చేయాలి. ఆలస్యమైన ప్రతి నెలకు వడ్డీ చెల్లించాలి. ఆలస్యానికి కారణాన్ని డ్రాయింగ్ అధికారి (జీతాల బిల్లులు పెట్టి డబ్బు తీసే అధికారి) లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. కోతలు ఏవైనా ఉంటే వాటి వివరం ఉద్యోగికి అదే రోజున అందాలి."

#32 సంఘంమనిషి

వడ్డీ మాట తీసేయమంటారు. తీయకండి. కావాలంటే మిగతాదాంట్లో ఏదైనా వదులుకోండి.

#33 చెత్తబండి

"ఉద్యోగి" అన్నచోట కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లని కూడా రాయండి. లేకపోతే మాకు వర్తించదంటారు.

#34 నీలిగీత

రాశాను. "ఏ పద్ధతిలో నియమితులైనా సరే" అని మొదటి వాక్యంలోనే పెట్టాను. గురువారం మీటింగు. ఆర్థికశాఖ ఆయన ముందుగా ఈ పేరా మీదే పెన్ను పెడతారని అనుకుంటున్నాను, ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను.